విడగొట్టడం, తిరిగి కలపడం: క్వెరీ ఇంజిన్‌లో కేస్ ఎక్స్‌ప్రెషన్ అసలు ఖర్చు

ప్రయాణాల వివరాలున్న ఒక టేబుల్ ఉందనుకుందాం. దూరం ఒక కాలమ్, పట్టిన సమయం మరో కాలమ్. వాటి నుంచి సగటు వేగం లెక్కించాలి. కొన్ని వరుసల్లో సమయం సున్నా అని నమోదై ఉంది కాబట్టి నేరుగా భాగిస్తే క్వెరీ, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్న, ఎర్రర్‌తో ఆగిపోతుంది. అందుకని క్వెరీ రాసేవాళ్లు ఒక కేస్ ఎక్స్‌ప్రెషన్ పెడతారు. సమయం సున్నా కంటే ఎక్కువైతే దూరాన్ని దానితో భాగించమని, లేకపోతే నల్ (విలువ లేదన్న గుర్తు) ఇమ్మని దాని అర్థం. అందులో షరతును వెన్ అని, అది నిజమైతే చేసే లెక్కను దెన్ అని, ఏ షరతూ నిజం కానప్పటి దారిని ఎల్స్ అని రాస్తారు.

చూడ్డానికి ఇది ఏ ప్రోగ్రామింగ్ భాషలోనైనా ఉండే ఇఫ్-ఎల్స్ లాంటిదే. ఒక్కో వరుసను విడివిడిగా చూసే ఇంజిన్‌లో నిజంగానే అంతే. కానీ ఇప్పటి విశ్లేషణ ఇంజిన్లు, అంటే క్వెరీల్ని నడిపే సాఫ్ట్‌వేర్‌లు, చాలావరకు అలా పని చేయవు. డక్‌డీబీ ఒక్కసారికి 2048 విలువలు చేతిలోకి తీసుకుంటుంది. అపాచీ డేటాఫ్యూజన్ మామూలుగా 8192 వరుసల బ్యాచ్‌తో నడుస్తుంది. "సమయం సున్నా కంటే ఎక్కువా?" అని అలాంటి బ్యాచ్‌ను అడిగితే వచ్చేది ఒక్క జవాబు కాదు, 8192 జవాబులు. వాటిలో కొన్ని అవును, కొన్ని కాదు, కొన్ని నల్. అప్పుడు ఇంజిన్ చేయాల్సిన పనే మారిపోతుంది. వరుసల్ని గుంపులుగా విడగొట్టాలి, ఒక్కో గుంపుకు ఒక్కో లెక్క చేయాలి, వచ్చిన ఫలితాల్ని మళ్లీ మొదటి క్రమంలో పేర్చాలి. షరతును పరీక్షించడం వీటన్నిటిలో తేలికైన పని. కేస్ ఎక్స్‌ప్రెషన్ నెమ్మదిగా నడుస్తోందంటే ముందు వెతకాల్సింది విడగొట్టే చోట, తిరిగి కలిపే చోట.

ఒక్కో వరుస నుంచి బ్యాచ్‌కి

గోట్స్ గ్రేఫే 1994లో వివరించిన వోల్కేనో పద్ధతిలో ప్రతి ఆపరేటర్ (క్వెరీలో ఒక దశ పని చేసే భాగం) తన కింది ఆపరేటర్‌ను "తర్వాతి వరుస ఇవ్వు" అని అడుగుతుంది. ఆ పద్ధతిలో కేస్ అమలు చాలా సహజంగా ఉంటుంది. షరతు నిజమైతే ఈ దారి, కాకపోతే ఆ దారి. రెండో దారి జోలికే వెళ్లాల్సిన పనిలేదు. అయితే ప్రతి వరుసకూ, ప్రతి చిన్న ఎక్స్‌ప్రెషన్‌కూ ఒక ఫంక్షన్ కాల్ పడుతుంది. రెండు సంఖ్యల్ని కూడటానికి పట్టే సమయం కంటే ఆ కూడికను పిలవడానికి పట్టే సమయమే ఎక్కువవుతుంది.

2005లో మోనెట్‌డీబీ/ఎక్స్100 ఇంజిన్ మీద జరిగిన పని ఈ లెక్కను తిరగేసింది. సుమారు వెయ్యి విలువల్ని ఒక ముక్కగా తీసుకుని ఒకే ఆపరేషన్‌ను వాటన్నిటి మీదా బిగుతైన లూపులో నడిపితే, కాల్ ఖర్చు వెయ్యి విలువలకూ పంచుకున్నట్టవుతుంది. ముక్క చిన్నది కాబట్టి ప్రాసెసర్ క్యాష్‌లోనే ఉంటుంది. 2011లో థామస్ నాయ్‌మన్ హైపర్ ఇంజిన్ కోసం వేరే దారి చూపించారు. క్వెరీ మొత్తాన్నీ ఎల్ఎల్‌వీఎం అనే కంపైలర్ సాధనం సాయంతో యంత్ర కోడ్‌గా మార్చి నడపడం ఆ దారి. అందులో కేస్ మళ్లీ మామూలు జంప్ సూచనే అవుతుంది. ఎక్స్100లా ముక్కలుగా నడిపే వెక్టర్ పద్ధతి మాత్రం ఆ సౌకర్యాన్ని వదులుకుంది. ఒక లూపులో ఒకే రకం పని జరగాలన్నది దాని సూత్రం. కేస్ సరిగ్గా దానికి ఎదురు వెళ్తుంది, ఒక్కో వరుసకు ఒక్కో రకం పని చేయమంటుంది.

కేస్ ఇచ్చే మాట

క్వెరీలు రాసే భాష ఎస్‌క్యూఎల్. దాని ఎస్‌క్యూఎల్-92 ప్రమాణంతో వచ్చిన కేస్ ఒక రకంగా వరుసకు మాట ఇస్తుంది. షరతులు రాసిన క్రమంలోనే చూస్తాను, మొదట నిజమైన షరతు దగ్గరే ఆగుతాను, ఎంపిక కాని దారిలోని లెక్క చేయను అని. కోఅలెస్ (నల్ కాని మొదటి విలువ ఇచ్చేది), నల్‌ఇఫ్ (రెండు విలువలు సమానమైతే నల్ ఇచ్చేది) అనేవి కూడా ప్రమాణం ప్రకారం కేస్‌కు సంక్షిప్త రూపాలే. వరుసల్ని వడకట్టే వేర్ క్లాజులో రాసే యాండ్, ఆర్‌లకు ఇలాంటి మాట ఏమీ లేదు. వాటిలో ఏ వైపు ముందు లెక్కించాలన్నది ఇంజిన్ ఇష్టం. ఈ తేడా పైకి చిన్నగా కనిపిస్తుంది కానీ ఆప్టిమైజర్‌కు (క్వెరీని వేగంగా నడిపే దారి వెతికే భాగానికి) ఎంత స్వేచ్ఛ ఉంటుందో నిర్ణయించేది ఇదే.

యాండ్ విషయంలో ఆ స్వేచ్ఛను ఇంజిన్లు బాగానే వాడుకుంటాయి. హెల్లర్‌స్టీన్, స్టోన్‌బ్రేకర్ 1993లోనే ఖరీదైన షరతుల్ని ఏ క్రమంలో పెట్టాలో ఒక సూత్రం ఇచ్చారు. తక్కువ ఖర్చుతో ఎక్కువ వరుసల్ని కొట్టేసే షరతు ముందు రావాలన్నది దాని సారం. డక్‌డీబీ, వెలాక్స్ లాంటి ఇంజిన్లు ఈ క్రమాన్ని క్వెరీ నడుస్తుండగానే కొలిచి మార్చుకుంటాయి కూడా. కేస్‌లోని వెన్‌లను మాత్రం అలా జరపడానికి వీల్లేదు. ఒక వరుసకు రెండు షరతులూ నిజమైతే క్రమం మార్చగానే జవాబు మారిపోతుంది.

ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం కూడా అనుకున్నంత సులువు కాదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డాక్యుమెంటేషన్ ఇందుకు ఒక మంచి హెచ్చరిక ఇస్తుంది. ఎల్స్ దారిలో ఒకటిని సున్నాతో భాగించమని నేరుగా రాస్తే, ఒక్క వరుస కూడా ఆ దారిలోకి వెళ్లకపోయినా క్వెరీ విఫలం కావచ్చు. క్వెరీ ఎలా నడవాలో ముందే నిర్ణయించే ప్లానర్ స్థిర విలువల లెక్కల్ని ముందే చేసేయడానికి ప్రయత్నిస్తుంది, ఆ ప్రయత్నంలోనే ఎర్రర్ వస్తుంది. గ్రూప్ మొత్తానికి లెక్కించే సగటు, మొత్తం లాంటివి కేస్ లోపల ఉంటే మరో చిక్కు. అవి కేస్ కంటే ముందే లెక్కైపోతాయి కాబట్టి, సగటు లోపలి భాగహారానికి బయట పెట్టిన కేస్ రక్షణ ఇవ్వలేదు. ఆ రక్షణ కావాలంటే కేస్‌ను సగటు లోపల పెట్టాలి.

పదే పదే వచ్చే లెక్కను ఒకేసారి చేసి దాచుకునే ఆప్టిమైజేషన్ కూడా ఇక్కడ జాగ్రత్తగా అడుగు వేయాలి. దూరం భాగించు సమయం అనే లెక్క రెండు దెన్‌లలో కనిపించిందని దాన్ని బయటకు తీసి ముందే చేస్తే, సున్నా సమయం ఉన్న వరుస దగ్గర క్వెరీ కూలిపోతుంది. అదే లెక్క మొదటి వెన్‌లో ఉంటే బయటకు తీయవచ్చు, ఎందుకంటే అది ప్రతి వరుసకూ ఎలాగూ జరుగుతుంది. ఎల్స్‌తో సహా అన్ని దారుల్లోనూ ఉన్నా తీయవచ్చు. ఈ రెండూ కానప్పుడు ఆ లెక్క తప్పకుండా జరుగుతుందన్న హామీ లేదు.

ఒక బ్యాచ్ ప్రయాణం

ఇప్పుడు 8192 వరుసల బ్యాచ్, అందులో 20 వెన్‌లున్న ఒక కేస్ తీసుకుందాం. రిపోర్టుల కోసం సాఫ్ట్‌వేర్ తయారుచేసే క్వెరీల్లో ఈ సంఖ్య అసాధారణమేమీ కాదు.

మొదటగా తట్టే అమలు ఇలా ఉంటుంది. ఫలితం కోసం ఖాళీ కాలమ్ ఒకటి పెట్టుకుని, ప్రతి వెన్‌నూ బ్యాచ్ మొత్తం మీద లెక్కించి, నిజమైన వరుసలకు దెన్ విలువ తీసి, అప్పటిదాకా ఉన్న ఫలితంతో కలిపి కొత్త ఫలిత కాలమ్ తయారు చేస్తారు. జవాబు సరిగ్గానే వస్తుంది. కానీ ఒక్కో వెన్‌కు 8192 విలువలున్న కొత్త కాలమ్ పుడుతోంది. 20 వెన్‌లకు 1,63,840 విలువలు రాయాల్సి వస్తుంది. చివరికి కావాల్సినవి 8192 మాత్రమే. ఒక్కో విలువ ఇరవై సార్లు ఒక చోట నుంచి మరో చోటికి మారుతోంది. విలువలు పొడవైన స్ట్రింగులైతే (అక్షరాల వరుసలైతే) ఈ కాపీలే మిగతా పని మొత్తాన్నీ మింగేస్తాయి.

దీన్ని బాగు చేయడానికి మొదటి మెట్టు, జవాబు దొరికిన వరుసను మళ్లీ ముట్టుకోకపోవడం. మొదటి వెన్ 90 శాతం వరుసలకు నిజమైతే, తర్వాతి వెన్‌లు చూడాల్సింది దాదాపు 819 వరుసల్నే. అవన్నీ చివరిదాకా తేలకుండా ఉన్నాయనుకున్నా మొత్తం పరీక్షలు 24 వేల లోపే ఉంటాయి. లక్షా అరవై మూడు వేలకూ దానికీ పోలికే లేదు. అదే ఇరవై వెన్‌లకూ తలా 5 శాతం వరుసలు పడితే పరీక్షలు 86,016 అవుతాయి, అంటే సగానికి కాస్త ఎక్కువ. మిగిలిన వరుసలు సున్నా అయిన క్షణంలో ఆగిపోవడం కూడా ఇందులో భాగమే. డేటా తేదీ ప్రకారమో, ప్రాంతం ప్రకారమో అమర్చి ఉంటే ఒక బ్యాచ్ మొత్తం ఒకే వెన్‌కు పడటం మామూలే. అప్పుడు విడగొట్టే పనే ఉండదు. దెన్ ఫలితాన్ని ఉన్నది ఉన్నట్టు పైకి పంపేయవచ్చు.

రెండో మెట్టు కలపడాన్ని వాయిదా వేయడం. ప్రతి వెన్ తర్వాతా ఫలితాన్ని తిరగరాయకుండా, ఒక్కో దారి ఇచ్చిన చిన్న ఫలితాన్ని అలాగే పక్కన పెట్టి, ఏ వరుస జవాబు ఏ ముక్కలో ఎన్నో స్థానంలో ఉందో గుర్తు పెట్టుకుంటే చాలు. చివర్లో ఒక్కసారి అన్నీ కలిపితే 8192 విలువలే రాస్తాం. స్ట్రింగుల విషయంలో ఈ ఒక్క మార్పుతోనే పెద్ద తేడా కనిపిస్తుంది. స్ట్రింగుల్ని 16 బైట్ల వ్యూగా (స్ట్రింగ్ పొడవు, అది ఉన్న చోటు చెప్పే చిన్న నమోదుగా) దాచే పద్ధతిలో కలపడం ఇంకా తేలిక. 12 బైట్ల దాకా ఉన్న స్ట్రింగ్ ఆ వ్యూలోనే ఇమిడిపోతుంది. అంతకంటే పొడవైనదైతే అసలు అక్షరాలు కదలకుండా వ్యూ మాత్రమే కదులుతుంది.

అయితే వరుసల్ని తగ్గించడం ఉచితం కాదు. మిగిలిన వరుసల్ని దగ్గరకు చేర్చి కొత్త చిన్న బ్యాచ్ చేయాలంటే వాటి కాలమ్‌లన్నీ కాపీ అవుతాయి. టేబుల్‌లో 100 కాలమ్‌లుండి కేస్‌లో వాడేది మూడే అయితే, మిగతా 97 కాలమ్‌లను వడకట్టడం శుద్ధ దండగ. కేస్ మొదలుపెట్టే ముందే ఆ మూడింటినీ విడిగా తీసుకోవాలి. ఇంత తేలికైన విషయాన్ని ఎలా మర్చిపోతారని అనిపించవచ్చు. కానీ ఎక్స్‌ప్రెషన్ రాసే కోడ్‌కు బ్యాచ్ ఒకే వస్తువులా కనిపిస్తుంది, దాని వెడల్పు కంటికి ఆనదు.

కాపీ వద్దనుకుంటే సెలెక్షన్ వెక్టర్ ఉంది. డక్‌డీబీ వాడే పద్ధతి ఇదే. డేటాను కదపకుండా, ఇంకా తేలని వరుసల నంబర్ల జాబితాను మాత్రమే ఒక లెక్క నుంచి మరో లెక్కకు పంపుతారు. కాలమ్‌లు ఎన్ని ఉన్నా ఖర్చు పెరగదు. బదులుగా ప్రతి విలువనూ ఆ జాబితా ద్వారా వెతికి తెచ్చుకోవాలి. పక్కపక్కనున్న విలువల్ని ఒకే సూచనతో లెక్కించే సిమ్‌డ్ సౌకర్యం ఇక్కడ చాలావరకు పోతుంది. సగానికి పైగా వరుసలు మిగిలి ఉంటే జాబితా కంటే మొత్తం బ్యాచ్‌ను లెక్కించడమే వేగం కావచ్చు, కొన్నే మిగిలితే జాబితాదే పైచేయి. ఈ రెంటి మధ్య గీత ఎక్కడ పడుతుందో ముందే చెప్పలేం. లోపలి లెక్క ఎంత బరువైనదో దాన్ని బట్టి ఆ గీత జరుగుతుంది.

విడగొట్టనక్కర్లేని చోట

అన్నిటికంటే చవకైన విభజన అసలు చేయని విభజనే. దెన్‌లో ఉన్నది ఒక కాలమ్ పేరో, స్థిర విలువో అయితే దాన్ని అన్ని వరుసలకూ తీసుకున్నా నష్టం లేదు. అది ఎర్రర్ ఇవ్వదు, ఖర్చూ కాదు. అలాంటప్పుడు రెండు దారుల విలువల్నీ పక్కపక్కన పెట్టుకుని, షరతు ఇచ్చిన మాస్క్ (వరుసకొకటిగా అవును, కాదుల జాబితా) ప్రకారం ఒక్కో స్థానానికి ఇది గానీ అది గానీ ఎంచుకుంటే సరిపోతుంది. ఇందులో జంప్ లేదు కాబట్టి ఏ దారిలో వెళ్లాలో ప్రాసెసర్ ముందుగా వేసే అంచనా తప్పే ప్రశ్నే రాదు. కెన్నెత్ రాస్ 2002లో ఫిల్టర్ షరతుల మీద చేసిన పని ఈ విషయాన్ని బాగా వివరించింది. షరతు సగం సార్లు నిజమై, సగం సార్లు అబద్ధమైతే ప్రాసెసర్ ఊహ తరచూ తప్పుతుంది. అప్పుడు రెండు వైపులా లెక్కించి కలపడమే లాభం.

ఎల్స్ లేని కేస్ ఇందులో ఇంకా తేలికైన రూపం. షరతు నిజమైతే కాలమ్ విలువ, లేకపోతే నల్ అన్నప్పుడు విలువల్ని ముట్టుకోనే అక్కర్లేదు. నల్‌లను గుర్తించే బిట్‌మ్యాప్‌ను (వరుసకు ఒక బిట్ ఉండే జాబితాను) షరతు బిట్‌మ్యాప్‌తో యాండ్ చేస్తే కొత్త కాలమ్ సిద్ధం. 8192 వరుసలకు ఆ బిట్‌మ్యాప్ 1024 బైట్లే.

అందువల్ల ఇంజిన్ ప్రతి ఎక్స్‌ప్రెషన్ గురించీ రెండు సంగతులు తెలుసుకోవాలి. అది విఫలం కాగలదా, అది బరువైనదా. పూర్ణాంకాల కూడిక కొన్ని ఇంజిన్లలో హద్దు దాటితే ఎర్రర్ ఇస్తుంది, కొన్నింట్లో చుట్టి తిరిగి వస్తుంది. కాబట్టి జవాబు ఇంజిన్‌ను బట్టి మారుతుంది. స్ట్రింగ్‌ను సంఖ్యగా మార్చడం విఫలం కావచ్చు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాల నమూనా) వెతుకులాట సాధారణంగా విఫలం కాదు కానీ బరువైనది. క్లిక్‌హౌస్ ఇంజిన్ ఈ ఆలోచనను ఒక సెట్టింగ్‌గానే పెట్టింది. 2021లో వచ్చిన షార్ట్ సర్క్యూట్ సౌకర్యం (అక్కర్లేని వరుసలకు లెక్క చేయకుండా వదిలేయడం) మామూలు స్థితిలో ఎర్రర్ ఇవ్వగలిగిన ఫంక్షన్లకూ, బరువైన ఫంక్షన్లకూ మాత్రమే వర్తిస్తుంది. తేలికైన కూడిక, తీసివేతలను అన్ని వరుసలకూ చేసేస్తుంది. అన్నిటికీ వర్తించేలా బలవంతం చేసే వీలు కూడా ఉంది, కానీ మామూలు స్థితిగా దాన్ని ఎంచుకోలేదు. విడగొట్టే ఖర్చు చాలాసార్లు లెక్క ఖర్చును మించుతుందన్న సంగతి ఆ ఎంపికలోనే ఉంది.

కోడ్‌లకు పేర్లు ఇచ్చే కేస్‌లది ప్రత్యేకమైన కథ. ఒకే కాలమ్‌ను వరసగా స్థిర విలువలతో పోల్చి స్థిర విలువలే తిరిగి ఇస్తుంటే, అది షరతుల గొలుసు కాదు, ఒక పట్టిక. ఇరవై పోలికల బదులు ఒక హాష్ టేబుల్ (విలువను బట్టి జవాబు నేరుగా దొరికే పట్టిక) కట్టుకుని ఒక్కో వరుసకు ఒక్కసారి వెతికితే చాలు. అప్పుడు వెన్‌ల సంఖ్య రెట్టింపైనా సమయం పెద్దగా మారదు. ఇక్కడ రెండు మెలికలున్నాయి. ఒకే విలువ రెండు వెన్‌లలో ఉంటే మొదటిదే గెలవాలి కాబట్టి టేబుల్ కట్టేటప్పుడు రెండోదాన్ని వదిలేయాలి. వెతికే విలువ నల్ అయితే, వెన్‌లో నల్ అని రాసి ఉన్నా అది జత కుదరదు, నేరుగా ఎల్స్‌కు పోవాలి. నల్ నల్‌తో సమానం కాదన్న నియమం ఇక్కడా వర్తిస్తుంది.

డిక్షనరీ రూపంలో, అంటే వేర్వేరు విలువల్ని ఒక్కసారే దాచి వరుసల్లో వాటి సూచికలే ఉంచే రూపంలో, ఉన్న కాలమ్ అయితే ఇంకా బాగుంటుంది. 8192 వరుసల్లో వేర్వేరు విలువలు పన్నెండే ఉంటే ఎక్స్‌ప్రెషన్‌ను పన్నెండు సార్లు లెక్కించి, వరుసలకు సూచికల్ని మాత్రం అలాగే ఉంచవచ్చు. వెలాక్స్ దీన్ని విస్తృతంగా వాడుతుంది. ఒక సూక్ష్మం మాత్రం గుర్తుండాలి. డిక్షనరీలో ఉన్న విలువను ఈ బ్యాచ్‌లోని ఏ వరుసా వాడకపోవచ్చు, ముందే వడపోతలో ఆ వరుసలు పోయి ఉండవచ్చు. అలాంటి విలువను లెక్కించి దాని వల్ల ఎర్రర్ ఇస్తే, ఎక్కడా లేని వరుస కోసం క్వెరీని ఆపినట్టవుతుంది. నిజంగా వాడుకలో ఉన్న విలువల్నే లెక్కించాలి.

ప్లాన్ దశలోనే

నడిచేటప్పుడు చేసే ఈ పనులన్నిటి కంటే ప్లాన్ దశలో కేస్‌ను పూర్తిగా తీసేయగలిగితే మేలు. టేబుల్‌లా వాడుకోవడానికి పేరు పెట్టి దాచిన క్వెరీని కూడా వ్యూ అనే అంటారు. అలాంటి ఒక వ్యూలో కోడ్ 1 అయితే 'కొత్త', 2 అయితే 'పూర్తి', లేకపోతే 'ఇతర' అని కేస్ ఉందనుకుందాం. పై క్వెరీ ఆ ఫలితం 'పూర్తి' అయిన వరుసలు కావాలంటుంది. దీన్ని కోడ్ 2 కావాలి అని మార్చేస్తే, కేస్ మాయమవడమే కాదు, ఇండెక్స్ వాడుకోవచ్చు, కాలమ్‌ల వారీగా డేటా దాచే పార్కే ఫైలులో కనిష్ఠ గరిష్ఠ విలువలు చూసి ముక్కలకు ముక్కలే చదవకుండా వదిలేయవచ్చు. చదవని డేటాకు ఏ లెక్కా అక్కర్లేదు. అదే క్వెరీ 'ఇతర' అడిగితే మాత్రం కోడ్ 1, 2 కాని వరుసలు అంటే సరిపోదు. కోడ్ నల్ అయిన వరుసలు కూడా ఎల్స్‌కే వెళ్తాయి, వాటినీ చేర్చాలి. ఈ రకం మార్పుల్లో వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం నల్ దగ్గరే. పైగా ఈ తప్పులు ఎర్రర్ ఇవ్వవు. నాలుగు వరుసలు తక్కువ వచ్చిన జవాబు ఎవరి కంటా పడకుండా వెళ్లిపోతుంది, అందుకే వీటికి పరీక్షలు గట్టిగా రాయాలి.

షరతు నిజమైతే ట్రూ, లేకపోతే ఫాల్స్ అనే కేస్‌ను నేరుగా ఆ షరతుతో మార్చడం కూడా ఇలాంటిదే. వేర్ క్లాజు పైభాగంలో అది సరైనదే, ఎందుకంటే అక్కడ నల్ అయినా ఫాల్స్ అయినా వరుస పోతుంది. నాట్ కింద ఉంటే తప్పు, ఎందుకంటే ఫాల్స్ తిరగబడి ట్రూ అవుతుంది, నల్ మాత్రం నల్‌గానే ఉంటుంది.

ఒక షరతు ఉన్న వరుసల్నే కూడే లెక్కలకు కేస్ వాడటం పాత అలవాటు. డేటాబేస్‌ల వేగాన్ని కొలిచే టీపీసీ-హెచ్ బెంచ్‌మార్క్‌లో 8, 12, 14 నంబర్ల క్వెరీలు ఇలాగే ఉంటాయి. ఎస్‌క్యూఎల్:2003లో వచ్చిన ఫిల్టర్ క్లాజు అదే పనికి సూటి రూపం. ఇంజిన్ ఒకదాన్ని మరొకదానిగా మార్చుకోవచ్చు కానీ, షరతుకు ఒక్క వరుస కూడా తగలకపోతే ఎల్స్ సున్నా రాసిన మొత్తం సున్నా ఇస్తుంది, ఫిల్టర్ రాసిన మొత్తం నల్ ఇస్తుంది. ఆ తేడాను సరిచేశాకే మార్చాలి.

కోడ్‌గా మార్చి నడిపే ఇంజిన్లకు విభజన బాధ లేదు గానీ వాటి ఇబ్బందులు వాటికున్నాయి. స్పార్క్ ఇంజిన్ జావా బైట్‌కోడ్ తయారు చేస్తుంది. వందల వెన్‌లున్న కేస్‌ను ఒకే మెథడ్‌గా (ఫంక్షన్‌గా) రాస్తే, ఆ బైట్‌కోడ్‌ను నడిపే జేవీఎం పెట్టిన 64 కేబీ హద్దు అడ్డొస్తుంది. అంతకంటే ముందే, 8000 బైట్లు దాటిన మెథడ్‌ను హాట్‌స్పాట్ అనే జేవీఎం మామూలుగా యంత్ర కోడ్‌గా మార్చదు. క్వెరీ సరిగ్గానే నడుస్తుంది కానీ ఒక్కసారిగా నెమ్మదిస్తుంది. అందుకే పెద్ద కేస్‌ను చిన్న మెథడ్లుగా ముక్కలు చేస్తారు.

ఇలాంటి మార్పుల్ని కొలిచేటప్పుడు ఒకే డేటాతో చూస్తే మోసపోతాం. షరతు 1 శాతం వరుసలకు నిజమైనప్పుడు, 50 శాతానికి, 99 శాతానికి విడివిడిగా కొలవాలి. అమర్చిన డేటా, కలగాపులగమైన డేటా రెండూ చూడాలి. 50 శాతం దగ్గర గెలిచిన మాస్క్ పద్ధతి, దెన్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఉన్నప్పుడు 1 శాతం దగ్గర ఘోరంగా ఓడిపోవచ్చు.

ఇంత చేసినా ఇంజిన్ చేయలేని పని ఒకటి మిగులుతుంది. వెన్‌ల క్రమం. రెండు షరతులు ఎప్పటికీ ఒకే వరుసకు నిజం కావని, రెండూ ఎర్రర్ ఇవ్వవని రుజువు చేయగలిగితేనే అది వాటిని అటూ ఇటూ జరపగలదు. వేర్వేరు కాలమ్‌ల మీద, ఫంక్షన్ల మీద రాసిన షరతుల విషయంలో ఆ రుజువు చాలాసార్లు సాధ్యపడదు. కానీ క్వెరీ రాసినవాళ్లకు తమ డేటా తెలుసు. పైన చూసిన ఇరవై వెన్‌ల ఉదాహరణలో 90 శాతం వరుసలు పట్టే వెన్ మొదట ఉంటే 24 వేల లోపు పరీక్షలు. అదే వెన్ చివర ఉంటే ఆ 90 శాతం వరుసలూ ఇరవై పరీక్షలూ దాటుకుని రావాలి, లెక్క లక్షా నలభై ఏడు వేలు మించుతుంది. ఏ రెండు షరతులూ ఒకే వరుసకు నిజం కాకపోతే జవాబు ఒకటే, టేబుల్ ఒకటే, రాసిన వరస మాత్రమే వేరు.